నాదిర్ షాను నిజాం పిలిపించాడా? కర్నాల్ తర్వాత ఢిల్లీలో జరిగింది ఏమిటి?

మీరు గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతూ అడిగినవి మూడు ప్రశ్నలు. తర్వాత చదివేవాళ్ళ కోసం వాటిని ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. అంత పెద్ద సైన్యం ఉన్న మొఘలులు 1739లో కర్నాల్ దగ్గర ఒక్క పూటలో ఎలా ఓడిపోయారు? ఇరాన్ నుంచి నాదిర్ షాను రహస్యంగా పిలిపించింది నిజాం ఉల్ ముల్కేనని మీ నోట్సులో ఉంది, అది నిజమేనా? తలపాగాలు మార్చుకునే వంకతో నాదిర్ షా కోహినూర్ తీసుకుపోయాడన్న కథను జవాబులో రాయొచ్చా?

నేను డిగ్రీ కాలేజీలో 31 ఏళ్ళు మధ్యయుగ చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పాతబస్తీలో ఒక మౌల్వీ గారి దగ్గర ఫార్సీ కొంత నేర్చుకున్నాను. నాణేల మీది రాత, పాత కాగితాలు నెమ్మదిగా కూడబలుక్కుని చదవగలను. ఈ దండయాత్ర గురించి క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మొదట్లో చాలా ఏళ్ళు తప్పుగానే చెప్పాను. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. నిజాం పిలిపించాడనడానికి గట్టి ఆధారం లేదు. కర్నాల్‌లో ఓడింది మొఘల్ సైన్యంలో ఒక భాగమే, మిగతాది కదలకుండా నిలబడి చూసింది. ఆ ఓటమి వల్లే ఢిల్లీ దోపిడీ జరిగిందని అనుకుంటాం గానీ అది సగం నిజం. యుద్ధం అయ్యాక నాదిర్ షా 50 లక్షల రూపాయలు తీసుకుని వెనక్కి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఖాళీ అయిన ఒక పదవి కోసం ఇద్దరు పెద్ద అమీర్లు, అంటే దర్బారు సర్దారులు, పంతానికి పోవడంతో ఆ ఒప్పందం చెడింది. ఢిల్లీ నిజంగా పోయింది అక్కడే. తలపాగాల కథ తర్వాతి కాలంలో పుట్టింది, దాన్ని రాయకండి.

ఇక వివరాలు.

నాదిర్ పుట్టుకతో రాజు కాదు. ఖొరాసాన్‌లో అఫ్షార్ తెగకు చెందిన పేద కుటుంబం వాడు. అతను పైకి వచ్చేనాటికి ఇరానే కూలిపోయి ఉంది. 1722లో అఫ్ఘాన్లు ఇస్ఫహాన్‌ను నెలల తరబడి ముట్టడించి, జనాన్ని ఆకలితో మాడ్చి పట్టుకున్నారు. వాళ్ళను 1729లో తరిమినవాడు నాదిర్. తర్వాత తుర్కులతో ఏళ్ళ తరబడి పోరాడి, 1736లో తానే కిరీటం పెట్టుకున్నాడు. ఆ వరస యుద్ధాలతో ఇరాన్ రైతు చితికిపోయాడు. పన్నులు పిండినా రాని పరిస్థితి. పెద్ద సైన్యం మాత్రం జీతం కోసం ఎదురుచూస్తూ ఉంది. ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అలాంటివాడికి పక్కనే ఢిల్లీ ఖజానా కనబడుతుంటే ఎవరో ఉత్తరం రాసి పిలవాల్సిన పని లేదు.

సాకు కాందహార్‌లో దొరికింది. సుమారు ఏడాది ముట్టడి తర్వాత 1738 మార్చిలో నాదిర్ ఆ కోటను తీసుకున్నాడు. పారిపోయే అఫ్ఘాన్లను మీ కాబూల్ సరిహద్దులోకి రానివ్వొద్దని అంతకుముందే ఢిల్లీకి రాయబారులను పంపి కోరాడు. ఢిల్లీ సరేనంది గానీ ఏమీ చేయలేదు. ఒక రాయబారినైతే తిరిగి పంపకుండా, జవాబూ ఇవ్వకుండా నెలల తరబడి అక్కడే ఉంచేశారు. ఇంతకన్నా మంచి సాకు ఏం కావాలి?

ఇటువైపు కాబూల్ సుబేదారు, అంటే ఆ రాష్ట్రాన్ని ఏలే అధికారి, నాసిర్ ఖాన్. తన సిపాయిలకు అయిదేళ్ళ జీతం బకాయి ఉందని, కనీసం ఒక ఏడాదిది పంపినా ఎలాగో నెట్టుకొస్తానని ఢిల్లీకి విన్నపాలు పంపుకున్నాడు. దర్బారులో వాటిని ఎవరూ నమ్మలేదు. నాసిర్ ఖాన్ తురానీ వర్గం వాళ్ళకు, అంటే మధ్య ఆసియా మూలాలున్న అమీర్లకు, దగ్గరివాడని, భయపెట్టి డబ్బు లాగడానికి రాస్తున్నాడని అవతలి వర్గం కొట్టిపారేసింది. 1738 జూన్‌లో కాబూల్ పోయింది. నవంబర్ 26న ఖైబర్ కనుమలో నాసిర్ ఖాన్ దారికి అడ్డంగా నిలబడితే, నాదిర్ స్థానికుల సాయంతో పక్కనున్న కొండదారిలో రాత్రంతా నడిచి వెనకనుంచి వచ్చి మీద పడ్డాడు. పెషావర్ పోయింది. 1739 జనవరిలో లాహోర్ సుబేదారు జకారియా ఖాన్ కొద్దిగా పోరాడి, 20 లక్షలు కట్టి లొంగిపోయాడు. కాబూల్ పోయిన ఎనిమిది నెలల వరకు ఢిల్లీ సైన్యానికి నాదిర్ ఎదురుపడనే లేదు. ఆ ఎనిమిది నెలలూ ఎవరు సేనాని కావాలి, ఎవరు ముందు నడవాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్న గొడవతోనే గడిచాయి.

ఇక్కడ వర్గాల సంగతి చెప్పకపోతే కర్నాల్ అర్థం కాదు. నేను క్లాసులో బోర్డు మీద నాలుగే పేర్లు రాసేవాణ్ణి. చక్రవర్తి మహమ్మద్ షా. మీర్ బక్షీ ఖాన్ దౌరాన్, అంటే సైన్యం జీతాలు, నియామకాలు చూసే పెద్ద. దక్కన్ నుంచి వచ్చిన నిజాం ఉల్ ముల్క్ అసఫ్ జా. అవధ్ సుబేదారు బుర్హాన్ ఉల్ ముల్క్ సాదత్ ఖాన్. ఈ చివరి ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. నిజాం 1724లో శకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను చంపి దక్కన్‌ను తన చేతిలోకి తెచ్చుకున్నవాడు. మన హైదరాబాద్ రాజ్యానికి మొదలు అదే. 1737లో బాజీరావు మెరుపులా ఢిల్లీ పొలిమేరల దాకా వచ్చి వెళ్ళాక, చక్రవర్తి నిజాంను బతిమాలి పిలిపించాడు. ఆ ఏడాది చివర భోపాల్ దగ్గర నిజాం కూడా బాజీరావు చేతిలో చిక్కుకుని, 1738 జనవరిలో అవమానకరమైన ఒప్పందం మీద సంతకం పెట్టి బయటపడ్డాడు. అంటే నాదిర్ వచ్చేనాటికి ఢిల్లీలో ఉన్న నిజాం దెబ్బ తిని, పరువు తగ్గి ఉన్న మనిషి.

కర్నాల్ సంగతి. ఢిల్లీకి ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్లు. కాలువ పక్కన మొఘల్ సైన్యం మట్టిగోడలు లేపి, చుట్టూ ఫిరంగులు పెట్టుకుని మకాం వేసింది. పోరాడే సైన్యం నాదిర్‌కు 55 వేలు, మొఘలులకు 75 వేలు అన్నది చాలామంది ఒప్పుకునే అంచనా. కొన్ని పుస్తకాల్లో కనబడే లక్షల అంకెల్లో వంటవాళ్ళు, బళ్ళవాళ్ళు, అంగళ్ళవాళ్ళు, కుటుంబాలు అన్నీ కలిసి ఉంటాయి. వాళ్ళు బలం కాదు, తిండి పెట్టాల్సిన నోళ్ళు. ఈ తేడా జవాబులో ఒక్క వాక్యంలో రాయండి, దిద్దేవాళ్ళ కంట్లో పడుతుంది.

సాదత్ ఖాన్ కాలికి గాయం. అయినా అవధ్ నుంచి ఆగకుండా ప్రయాణం చేసి ఫిబ్రవరి 23 రాత్రి మకాం చేరాడు. అతని సామాను బళ్ళు వెనక వస్తున్నాయి. తెల్లారాక ఇరాన్ గుర్రపు దళం వాటి మీద పడిందని కబురొచ్చింది. అలసిన సైన్యం, పొద్దెక్కింది, రేపు అందరం కలిసి బయలుదేరదాం అని నిజాం చెప్పాడు. సాదత్ ఖాన్ వినలేదు. దగ్గరున్న కొద్దిమందితో ఏనుగెక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళను చూసి ఇరాన్ రౌతులు వెనక్కి తగ్గారు. ఈయన తరుముకుంటూ పోయాడు. అతనికి సాయంగా ఖాన్ దౌరాన్ హడావుడిగా బయలుదేరాడు. ఫిరంగులు వెంట తీసుకెళ్ళే తీరిక కూడా లేకపోయింది.

వెనక్కి తగ్గినట్టు కనబడటం ఎర. అక్కడ నాదిర్ మనుషులు జంబూరక్‌లతో కాచుకుని ఉన్నారు. జంబూర్ అంటే ఫార్సీలో కందిరీగ. ఒంటె జీను మీద ఎటైనా తిప్పే చిన్న ఫిరంగి బిగిస్తారు. ఒంటెను కూర్చోబెట్టి పేలుస్తారు, లేపి ఇంకోచోటికి పరిగెత్తిస్తారు. వాటితో పాటు బరువైన తుపాకులు పట్టిన కాల్బలం. మొఘల్ సర్దారు ఏనుగు మీద అంబారీలో కూర్చుని అందరికీ కనబడేలా యుద్ధం చేస్తాడు. నాయకుడు కనబడుతుంటే సైన్యం నిలబడుతుందని పాత నమ్మకం. తుపాకీ గురిపెట్టేవాడికి కూడా ముందు కనబడేది అతనే. మూడు గంటల్లోపే అయిపోయింది. ఖాన్ దౌరాన్‌కు తగలరాని చోట తూటా తగిలింది, ఒకటి రెండు రోజుల్లో పోయాడు. సాదత్ ఖాన్ పూర్వం ఇరాన్‌లోని నిషాపూర్ వాడు. అదే ఊరి సిపాయి ఒకడు అతన్ని గుర్తుపట్టి, ఏనుగు మీదికి ఎక్కి బందీగా దించాడు.

అంతసేపూ చక్రవర్తి, నిజాం, వజీర్ ఖమరుద్దీన్ ఖాన్ తమ బలగాలను వరసలో నిలబెట్టుకుని ఉన్నారు. కదల్లేదు. నిజాం ద్రోహి అన్న మాటకు మూలం ఇదే. కదలకపోవడాన్ని నేను సమర్థించను. పోటీదారులిద్దరూ తొందరపడి వెళ్ళి దెబ్బ తింటుంటే ఆదుకోవడానికి అతను ప్రయత్నించలేదు, అది మచ్చే. అయితే దాన్నుంచి "పిలిపించాడు" అన్నచోటికి వెళ్ళడానికి మధ్యలో ఏ ఆధారమూ లేదు. నాదిర్ రాక వల్ల నిజాంకు ఒరిగింది కూడా ఏమీ లేదు. అతన్ని నాదిర్ తన డేరాలో నిర్బంధించాడు. అతను ఉత్తరాదిలో ఇరుక్కుపోయిన కాలంలోనే 1740 మేలో మరాఠాలు మన చిత్తూరు దగ్గర దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపి, అతను ఏలే కర్ణాటకం అనే ప్రాంతంలో చొరబడ్డారు. కొడుకు నాసిర్ జంగ్ తిరగబడితే 1741లో అతనితోనూ యుద్ధం చేయాల్సి వచ్చింది. తన ఇల్లు ఇలా తగలబడుతుంటే ఊరికే చూడటానికి ఎవరైనా శత్రువును పిలుచుకుంటారా? ఈ నింద నిజాం మీదే కాదు, సాదత్ ఖాన్ మీద కూడా ఉంది. ఇద్దరి శత్రువులూ ఒకే నేరాన్ని ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. వర్గపోరు ఉన్నచోట ఇలాంటి రాతలను జాగ్రత్తగా చదవాలి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. నేను ఏళ్ళ తరబడి ఈ పాఠాన్ని "మహమ్మద్ షా రంగీలా విలాసాల్లో మునిగిపోయాడు, రాజ్యం పోగొట్టుకున్నాడు" అని ముగించేవాణ్ణి. ఒక ఏడాది సెకండియర్ అమ్మాయి లేచి, "సార్, 50 లక్షలకు ఒప్పుకున్నవాడు మరి ఢిల్లీ ఎందుకు వెళ్ళాడు?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికి వెళ్ళి వారం రోజులు ఆ పదిహేను రోజుల చరిత్ర మాత్రమే తవ్వుకుని చదివాను. ఆ ప్రశ్న తర్వాతే ఈ దండయాత్ర నాకు అర్థమైందనిపించింది.

యుద్ధం అయిన రాత్రికి మొఘల్ మకాం ఇంకా నిలిచే ఉంది. ఫిరంగులు ఉన్నాయి, సైన్యంలో ఎక్కువ భాగం మిగిలే ఉంది. నాదిర్ ఆ మట్టిగోడల మీదికి దూకలేదు. చుట్టూ దారులు మూసేసి ఊరుకున్నాడు. లోపల లక్షల నోళ్ళు. ధాన్యం కరువైంది. బందీగా ఉన్న సాదత్ ఖానే మొదట రాజీ మాట ఎత్తాడు, నిజాంను పంపిస్తే మాట్లాడి ముగించొచ్చని నాదిర్‌కు చెప్పాడు. నిజాం వెళ్ళి మాట్లాడాడు. తేలింది 50 లక్షలు. అందులో 20 లక్షలు వెంటనే, మిగతాది మూడు వాయిదాల్లో, లాహోర్‌లో పది, అటక్‌లో పది, కాబూల్‌లో పది. అంటే వెనక్కి వెళ్ళే దారిలో మజిలీ మజిలీకీ చెల్లింపు. వెళ్ళిపోయే ఉద్దేశంతోనే కుదిరిన లెక్క అది. చక్రవర్తి స్వయంగా నాదిర్ డేరాకు వెళ్ళి మర్యాదలు అందుకుని తిరిగొచ్చాడు.

అప్పుడే ఖాన్ దౌరాన్ చనిపోవడంతో మీర్ బక్షీ పదవి ఖాళీ అయింది. నిజాం దాన్ని దక్కించుకున్నాడు. ఆ పదవి తనకే వస్తుందని ఎన్నాళ్ళుగానో ఆశ పెట్టుకున్న సాదత్ ఖాన్‌కు నాదిర్ డేరాలో ఆ కబురు తెలిసింది. అతను వెళ్ళి నాదిర్‌తో చెప్పిన మాట సారాంశం ఇది: 50 లక్షలేమిటి, ఢిల్లీకి వస్తే 20 కోట్లు దొరుకుతాయి, నిజాం నిన్ను మోసం చేశాడు.

అంతే. నాదిర్ నిజాంను మళ్ళీ పిలిపించి, తిరిగి పోనివ్వకుండా కూర్చోబెట్టేశాడు, తర్వాత చక్రవర్తిని పిలిపించి అలాగే చేశాడు. నాయకుడు లేని మకాం ఎవరిదారిన వాళ్ళు అన్నట్టు చెదిరిపోయింది. యుద్ధం చేయకుండానే పెద్ద సైన్యం కరిగిపోయింది. ఈ దండయాత్ర మీద ప్రశ్న వస్తే నేనైతే సగం జవాబు ఈ డేరాల సంగతికే కేటాయిస్తాను. బలహీనత అని ఊరికే ఒక పదం రాస్తే సరిపోదు. అది పనిచేసిన తీరు ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. సాదత్ ఖాన్‌కు కూడా ఏమీ మిగల్లేదు. నాదిర్ ఢిల్లీలో అడుగుపెట్టిన వెంటనే, మార్చి 20కి అటూ ఇటుగా, అతను ప్రాణం వదిలాడు. చెప్పిన కోట్లు చూపించమని నాదిర్ అవమానిస్తే విషం తాగాడని కొందరు, కాలి పుండు ముదిరి పోయాడని కొందరు రాశారు.

నాదిర్ మార్చి 20న నగరంలోకి వచ్చాడు. మొదటి రోజు పెద్దగా గొడవ లేదు, జనాన్ని ముట్టుకోవద్దని తన సిపాయిలకు ఆజ్ఞ ఇచ్చాడు. 21న పహాడ్‌గంజ్‌లో ధాన్యం కొట్ల దగ్గర ధర మీద తగువు మొదలైంది. ఇరానీలు చెప్పిన ధరకు అమ్మడానికి వర్తకులు ఒప్పుకోలేదు. చేతులు చేసుకున్నారు. సాయంత్రానికి నాదిర్ షా చచ్చిపోయాడని పుకారు ఊరంతా పాకింది. కోటలో ఎవరో కాల్చారని ఒకరు, విషం పెట్టారని ఒకరు. ఆ రాత్రి వీధుల్లో ఒంటరిగా దొరికిన ఇరానీ సిపాయిలను జనం వందల్లో చంపారు.

మర్నాడు ఉదయం నాదిర్ గుర్రమెక్కి చాందినీ చౌక్‌లోని రోషన్ ఉద్ దౌలా మసీదుకు వచ్చాడు. ఇప్పుడు దాన్ని సునహరీ మసీదు అంటారు. శీష్‌గంజ్ గురుద్వారాకు ఆనుకునే ఉంటుంది. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మసీదు ఎక్కడో తెలియక దాని ముందు నుంచే అటూ ఇటూ తిరిగాను, అంత చిన్నది. కింద కొట్లు, వాటి పక్కన ఇరుకు మెట్లు. పైన ముగ్గురు నలుగురు వరసగా నిలబడితే నిండిపోయినట్టుండే వాకిలి, మూడు చిన్న గుమ్మటాలు. ఆ వాకిలి అంచున నిలబడి కిందికి చూస్తే చాందినీ చౌక్ రోడ్డు రెండువైపులా చాలా దూరం కనబడుతుంది. ఎర్రకోట ఒక పక్క. ఆ చోటు ఎందుకు ఎంచుకున్నాడో అక్కడ నిలబడితే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు. నాదిర్ అక్కడ కత్తి దూసి పట్టుకున్నాడు. అది గుర్తు. ఆ కత్తి ఒరలోకి వెళ్ళేదాకా చంపడం ఆగకూడదని ఆజ్ఞ.

ఉదయం తొమ్మిది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం దాటేదాకా సాగింది. చాందినీ చౌక్, దరీబా, జామా మసీదు చుట్టుపక్కల, పహాడ్‌గంజ్. చనిపోయినవాళ్ళు 20 వేల నుంచి 30 వేలని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. ఇళ్ళు తగలబెట్టారు. మానం కాపాడుకోవడానికి బావుల్లో దూకిన ఆడవాళ్ళున్నారు. చివరికి మహమ్మద్ షా తరఫున నిజాం, వజీర్ వచ్చి బతిమాలితే కత్తి ఒరలో పెట్టాడు. వెంటనే చంపడం ఆగిపోయిందట. ఆ క్రమశిక్షణ చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అది పిచ్చి కోపంలో అదుపు తప్పిన సైన్యం పని కాదన్నమాట. శవాలు రోజుల తరబడి వీధుల్లోనే ఉన్నాయి, తర్వాత కుప్పలు పోసి కాల్చారు. ఆ రోజుల్ని కళ్ళారా చూసి రాసినవాళ్ళలో ఆనంద్ రామ్ ముఖ్లిస్ ఒకడు. వజీర్ దగ్గర పనిచేసిన హిందూ మున్షీ, ఫార్సీ కవి.

చంపడం ఒక్క పూట, వసూలు మాత్రం వారాల తరబడి. దీన్ని మన పుస్తకాలు రెండు ముక్కల్లో దాటేస్తాయి. నగరాన్ని అయిదు భాగాలు చేసి, ఇంటింటికీ ఎంత కట్టాలో చిట్టా రాయించి, ఒక్కో భాగానికి ఒక్కో మొఘల్ అమీర్‌ను వసూలుకు పెట్టాడు. ఆ అయిదుగురిలో నిజాం ఒకడు. తన చక్రవర్తి రాజధానిలో, తన తోటివాళ్ళ ఇళ్ళల్లో, శత్రువు కోసం డబ్బు పోగుచేసే పని. కట్టలేనివాళ్ళను కొట్టారు, అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్న కుటుంబాలున్నాయి. కోట ఖజానా వేరు, నగల కొట్లు వేరు. మొత్తం సొత్తు విలువ ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు, 70 కోట్ల రూపాయల వరకు చెప్పినవాళ్ళున్నారు. జవాబులో "సుమారు 70 కోట్ల వరకు అంచనా" అని రాయండి, ఖచ్చితమైన అంకెలా రాయకండి. పైగా వందల ఏనుగులు, వేల గుర్రాలు, ఒంటెలు, పనితనం తెలిసిన వడ్రంగులు, రాతిపనివాళ్ళు.

సింధు నదికి పడమటి భూములన్నీ నాదిర్‌కు రాసిచ్చారు. అతని కొడుకు నస్రుల్లాకు మొఘల్ ఇంటి పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. మహమ్మద్ షా నెత్తిన తానే మళ్ళీ కిరీటం పెట్టి, 57 రోజులు ఉన్నాక, మే 16న నాదిర్ బయలుదేరాడు. ఆ సొత్తుతో ఇరాన్ మొత్తానికి మూడేళ్ళు పన్ను మాఫీ ప్రకటించాడు. మాఫీ ఎంతోకాలం నిలవలేదు. మళ్ళీ యుద్ధాలు, మళ్ళీ పన్నులు. అనుమానంతో సొంత కొడుకు రెజా ఖులీ కళ్ళు తీయించాడు. 1747 జూన్‌లో తన డేరాలోనే తన సర్దారుల చేతిలో చచ్చిపోయాడు.

కోహినూర్ సంగతి. షాజహాన్ నెమలి సింహాసనం 1635లో తయారైంది. నాదిర్ దగ్గర పనిచేసిన చరిత్రకారుడు మార్వీ ఆ సింహాసనం మీది నెమలి తలకు కోహినూర్ ఉందని రాశాడు. ఆ పేరుతో ఆ వజ్రం మనకు స్పష్టంగా కనబడే మొదటి రాత అదే. నర్తకి చెవిలో చెప్పడం, తలపాగాలో దాచడం, స్నేహం పేరుతో తలపాగాలు మార్చుకోవడం, ఇవేవీ కళ్ళారా చూసినవాళ్ళ రాతల్లో లేవు. పైగా ఖజానా తాళాలు చేతిలో ఉన్నవాడికి అంత నాటకం దేనికి? నేను కూడా ఆ కథ క్లాసులో చెప్పాను, పిల్లలు ఇష్టంగా వినేవాళ్ళు. తెలిశాక మాత్రం మానేశాను. టెహ్రాన్‌లో ఇప్పుడు చూపించే నెమలి సింహాసనం కూడా ఇది కాదు, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడి రాజు ఫత్ అలీ షా చేయించుకున్నది. ఢిల్లీది నాదిర్ చనిపోయాక జరిగిన గందరగోళంలో ముక్కలైపోయింది.

కోహినూర్ పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు. సంప్రదాయంగా వస్తున్న మాట అది, "అని ప్రతీతి" అని రాస్తే తప్పుండదు. కొల్లూరు మాత్రం నిజంగా గొప్ప గని. 1645 ప్రాంతంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది.

మహమ్మద్ షా గురించి ఒక్క మాట. రంగీలా అన్న పేరు చూసి అతన్ని పనికిమాలినవాడిగా రాసేయకండి. సంగీతంలో ఖయాల్ పాడే పద్ధతికి పెద్దపీట వేసిన సదారంగ్ ఆయన దర్బారు వాడే. 1719 నుంచి 1748 దాకా పాలించాడు. ఔరంగజేబు పోయిన 1707 నుంచి ఇతను వచ్చేదాకా పన్నెండేళ్ళలో గద్దె మీద ఎంతమంది మారారో, ఎంతమంది ప్రాణాలు పోయాయో చూస్తే, 29 ఏళ్ళు నిలబడటం చిన్న సంగతి కాదని తెలుస్తుంది. అమీర్లను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి తన గద్దె కాపాడుకోవడం అతను నేర్చుకున్న విద్య. బయటినుంచి శత్రువు వచ్చిన రోజున ఆ విద్యే కొంప ముంచింది.

చివరగా, మీరు హైదరాబాద్‌లోనే ఉంటున్నానన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. నాణేలు పోగుచేసే మిత్రుడొకరు తన దగ్గరున్న రెండు వెండి రూపాయలు ఒకసారి నా అరచేతిలో పెట్టారు. మొదటిది షాజహానాబాద్ టంకశాలలో నాదిర్ పేరుతో కొట్టింది, హిజ్రీ 1151. లోకంలోని సుల్తానులందరికీ సుల్తాను, రాజులకు రాజు నాదిర్ అని ఫార్సీ ద్విపద. రెండోది మహమ్మద్ షాది, అదే టంకశాల, హిజ్రీ 1152. బరువులో తేడా తెలియలేదు, వెండి రంగులోనూ తేడా లేదు. బహుశా అదే కమ్మరి, అదే సుత్తి. మీకు వీలున్నప్పుడు చెప్పండి, ఆయన్ని అడిగి చూపిస్తాను.